డిగ్రీ చేతికొచ్చేలోపు మీ నాలుగేళ్ల బొమ్మలను మీరే చదువుకోవడం ఎలా?

బీఎఫ్‌ఏ (లలితకళల డిగ్రీ) ఆఖరి సెమిస్టర్‌లో ఎవరిని కదిపినా ఒకటే మాట: డిస్‌ప్లే, అంటే పరీక్ష కోసం బొమ్మలను గోడకు పెట్టి చూపించడం. ఫ్రేములు ఎక్కడ చవకగా కడతారు, గోడ ఎవరికి ఎన్ని అడుగులు వస్తుంది, బయటి నుంచి ఎగ్జామినర్‌గా ఎవరు రాబోతున్నారు. ఇవన్నీ కావలసినవే. ఈ హడావుడిలో ఒక పని మాత్రం చేజారిపోతుంది. నాలుగేళ్లలో మీ చెయ్యి ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది, కన్ను ఏమి నేర్చుకుంది, దేన్ని తప్పించుకు తిరిగింది అన్నది మీరే కూర్చుని చూసుకోవడం.

వైవాలో, అంటే ఎగ్జామినర్ ఎదుట జరిగే మౌఖిక పరీక్షలో, "ఈ నాలుగేళ్లలో మీ పనిలో మారింది ఏమిటి?" అని అడిగితే చాలామంది "కాన్ఫిడెన్స్ పెరిగింది సార్" అంటారు. అది జవాబు కాదు, జవాబు నుంచి తప్పుకోవడం. బొమ్మల్లో మారినదాన్ని బొమ్మలు చూపించే చెప్పాలి. అలా చెప్పడానికి ముందు అది మీకు తెలియాలి.

ఒక హెచ్చరిక. ఇది పోర్ట్‌ఫోలియో తయారీ కాదు. అందులో బాగా వచ్చినవాటిని ఏరి ఇతరుల ముందు పెడతాం. ఇక్కడ ఏరడం నిషిద్ధం. బాగా రానివి, సగంలో వదిలేసినవి, మాస్టారు ఎర్ర పెన్సిల్‌తో దిద్దినవి అన్నీ రావాలి. ఎదుగుదల ఎక్కువగా దొరికేది వాటిలోనే. ఫ్రేము కట్టించిన బొమ్మ అప్పటికే తన సందేహాలన్నింటినీ తుడిచేసుకుని ఉంటుంది. రెండు పనులనూ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయి. ముందు ఇది, తర్వాత అది. నాలుగైదు ఆదివారాలు చాలు.

అటక మీదివి కిందికి దించండి

ఫస్టియర్ పని హాస్టల్‌లో ఉండదు. రెండో ఏడాదికి మంచం కింద చోటు చాలక ఊరికి చేరి ఉంటుంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అటక ఎక్కి ఆ కట్టను దించుకోండి. పండక్కి ముందు ఇల్లు దులిపేవారు పాత కాగితాల వాడికి వేసేయకుండా ఫోన్ చేసి ముందే చెప్పి ఉంచండి. ఇది నవ్వులాట కాదు. ఫౌండేషన్ కోర్సు (మొదటి ఏడాది) పని మొత్తం ఇలా కిలోల లెక్కన పోగొట్టుకున్నవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

ఆబ్జెక్ట్ డ్రాయింగ్‌లు, నేచర్ స్టడీలు, లెటరింగ్ షీట్లు, పర్‌స్పెక్టివ్ కసరత్తులు ఎలాగూ వస్తాయి. వాటితో పాటు ప్రవేశ పరీక్ష కోసం సాధన చేసిన మెమరీ డ్రాయింగ్‌లు (ఎదురుగా ఏమీ లేకుండా జ్ఞాపకం నుంచి గీసినవి) దొరికితే వదలకండి. కాలేజీలో ఎవరూ మీకు ఏమీ చెప్పకముందు మీరు ఏమి చూసేవారో తెలియాలంటే అవే ఆధారం. నోటుపుస్తకాల వెనక పేజీల్లో ఆర్ట్ హిస్టరీ క్లాసులో గీసిన పిచ్చిగీతలు కూడా కావాలి. శిల్పం చేసేవారికి ఇబ్బంది ఎక్కువ. మట్టి బొమ్మ చాలాసార్లు మళ్లీ తొట్టిలోకే పోతుంది. స్నేహితుల ఫోన్లలో వెనక ఎక్కడో మీ బొమ్మ కనిపించే సెల్ఫీలు ఉంటాయి, అడిగి తెచ్చుకోండి.

ఇన్‌స్టాగ్రామ్ పేజీని మాత్రం రికార్డుగా నమ్మకండి. అక్కడ ఉన్నది మీరు నలుగురికీ చూపించదలచుకున్న మీరు.

తేదీల వరుసలో పెట్టండి

ఇష్టాల వరుస వద్దు, మాధ్యమాల వరుస వద్దు, తేదీల వరుస కావాలి. వెనక తేదీ లేకపోతే మాస్టారి సంతకం కింద ఉందేమో చూడండి. ఫోన్‌లో ఆ బొమ్మ ఫోటో ఉంటే దాని వివరాల్లో తీసిన తేదీ ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకు మాత్రం తీసిన తేదీ కాక చేరిన తేదీ కనిపించవచ్చు. ఏదీ దొరకకపోతే సంవత్సరం రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

రాసేది వెనక కింది మూలన, మెత్తటి పెన్సిల్‌తో, గట్టిగా నొక్కకుండా. బాల్‌పెన్ ముందువైపుకు గాడి తేలుస్తుంది, స్కెచ్‌పెన్ సిరా ఏళ్లు గడిచాక కాగితంలోంచి ఇవతలికి ఊరుతుంది. ఎక్కడ వేశారో, ఎంతసేపు పట్టిందో గుర్తుంటే అదీ రాయండి.

ఫోటోలు తీసి పెట్టుకోండి

పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య వరండాలో నీడ పట్టున బొమ్మను గోడకు ఆనించండి. నేరుగా ఎండ పడకూడదు, ఫ్లాష్ వేయకూడదు. ఫోన్ బొమ్మ మధ్యభాగానికి ఎదురుగా, సమాంతరంగా ఉండాలి. దగ్గరికి వెళ్లి తీస్తే అంచులు వంగుతాయి కనుక నాలుగడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్‌లో తీయండి. ఒక మూల తెల్ల కాగితం ముక్క కనిపించేలా పెడితే తర్వాత రంగులు సరిచేసుకోవడం తేలిక. మందంగా రంగు పూసిన ఆయిల్ అయితే పక్క నుంచి వెలుగు పడేలా మరొకటి తీయండి, లేకపోతే రంగు పూసే నైఫ్ చేసిన పనంతా చదునుగా కనిపిస్తుంది.

ఫైలుకు పేరు సంవత్సరం, నెల, మాధ్యమం, కొలత అనే క్రమంలో ఇవ్వండి. కంప్యూటర్ దానంతట అదే తేదీల వరుసలో పేరుస్తుంది. ఒక ప్రతి డ్రైవ్‌లో, ఇంకొకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచితే ఈ పని ముగిసినట్టే. యానిమేషన్, అప్లైడ్ ఆర్ట్ వాళ్లు చివరి వీడియోను, జేపీజీని మాత్రమే కాక లేయర్లున్న అసలు ఫైళ్లను దాచండి. మీ తప్పొప్పులు లేయర్లలోనే ఉంటాయి.

మీవి పరచకముందు ఇంకొకరివి చూసి రండి

వీలైతే ఒకసారి రాజమహేంద్రవరం వెళ్లి చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. ఆయన పుట్టింది 1897లో, పోయింది 1925లో. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లి చదువుకుని, సొంత ఊరికి తిరిగొచ్చి పనిచేసి, ముప్పై నిండకుండానే వెళ్లిపోయిన మనిషి. అంటే ఆ గోడల మీద ఉన్నదంతా మీకంటే కొద్ది ఏళ్లే పెద్దవాడైన ఒక యువకుడి పని. 'పుష్పాలంకరణ' వంటి పూర్తిచేసిన చిత్రాల ముందు అందరూ ఆగుతారు. మీరు స్కెచ్‌ల దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ఒక భంగిమ ఎక్కడ కుదరలేదో, ఏ గీతను వదిలి ఏ గీతను ఉంచుకున్నాడో చూడటం అలవాటైతే మీ కట్ట విప్పినప్పుడు అదే కన్ను పనికొస్తుంది.

నేల మీద పరచి నడవండి

అసలు పని ఇది. దీనికి గోడ పనికిరాదు, నేల కావాలి. ఆదివారం స్టూడియో తాళం అడిగి తీసుకోండి, లేదా కారిడార్ ఊడ్చి వాడుకోండి. ఒక కొస నుంచి ఇంకో కొసకు తేదీల వరుసలో పరచండి. మొదటిసారి ఊరికే నడవండి. నోట్సు వద్దు, ఫోన్ వద్దు, స్నేహితులు వద్దు. పక్కన ఎవరైనా ఉంటే ప్రతి బొమ్మకూ సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడతారు.

రెండో నడకలో ఒకే వస్తువు వెంట వెళ్లండి. ఇత్తడి చెంబు అనుకుందాం. ఆబ్జెక్ట్ డ్రాయింగ్ నేర్చుకున్న ప్రతివారి కట్టలోనూ ఒక చెంబు ఉంటుంది. ఫస్టియర్ చెంబు మూతిని దగ్గరగా చూడండి. ఆ కోడిగుడ్డు ఆకారానికి రెండు కొసల దగ్గరా మొన తేలి ఉంటుంది, కన్ను గీసినట్టు. గుండ్రటి అంచు అక్కడ వెనక్కి తిరుగుతుందని చేతికి ఇంకా తెలియదు. మూతి అంత వెడల్పుగా తెరుచుకుని ఉంటే అడుగు మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా ఉంటుంది. చెంబు అడుగు నేలమీద తిన్నగా ఆనుతుందని బుద్ధికి తెలుసు కనుక కన్ను చూసినదాన్ని బుద్ధి కొట్టేసింది. రెండో ఏడాది చెంబులో మూతి కుదిరి ఉంటుంది, అడుగు మూతికంటే కొంచెం ఎక్కువ వంపు తిరిగి ఉంటుంది. మూడో ఏడాదికి వచ్చేసరికి చెంబు అంచే లేదు. వెనకనున్న గుడ్డ ముదురు రంగు వచ్చి ఆగిన చోట చెంబు మొదలవుతోంది. తెలిసినదాన్ని గీయడం మానేసి కనిపించినదాన్ని గీయడం, ఆ తర్వాత కనిపించినదాన్ని కూడా అవసరమైనంతే గీయడం. వైవాలో చెప్పవలసింది ఇదే, ఈ మూడు షీట్లు చూపించి.

మూడో నడక కొంచెం చేదుగా ఉంటుంది. ఈసారి ఉన్నవాటిని కాక లేనివాటిని వెతకండి. మనుషుల పాదాలు ఎన్ని బొమ్మల్లో ఉన్నాయి? గడ్డి వెనకో, నీటిలోనో, కాగితం అంచు కిందో మాయమయ్యాయా? చేతులు కొంగు చాటునో జేబుల్లోనో ఉన్నాయా? ముఖాలు అటు తిరిగి ఉన్నాయా? రెండు మూర్తులు ఎప్పుడైనా ఒకదాన్నొకటి తాకాయా, లేక కంపోజిషన్‌లో ఎవరికివారు విడిగా నిలబడ్డారా? నీడలన్నీ ట్యూబులోంచి తీసిన నలుపేనా? ప్రతి ల్యాండ్‌స్కేప్‌లోనూ ఆకాశం గీత సరిగ్గా ఒకేచోట ఉందా? చేతకాక తప్పించుకున్నది వేరు, అవసరం లేక వదిలేసింది వేరు. బయటివారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఏది ఏదో మీకు తెలుసు, అందుకే ఈ పని ఇంకొకరితో చేయించుకోలేరు.

కొలతలు కూడా చూడండి. ఉన్నట్టుండి ఫుల్ ఇంపీరియల్ షీటు, అంటే 22 × 30 అంగుళాలు, సగానికి తగ్గిపోయి ఉంటే అది కళాత్మక నిర్ణయం కాకపోవచ్చు. ఆ నెల డబ్బులు లేవేమో, హాస్టల్ గది మారిందేమో. ఇలాంటివి సిగ్గుపడకుండా రాసుకోండి. కళాచరిత్ర పుస్తకాల్లో 'దశ' అని రాసే మార్పుల వెనక కూడా గది అద్దెలు, రంగుల ధరలు ఉంటాయి.

ఇంకొక సంగతి చాలామందిని ఉలిక్కిపడేలా చేస్తుంది. ఫస్టియర్‌లో గీసిన గీత నాలుగో ఏడాది గీతకంటే ప్రాణంతో ఉండవచ్చు. బస్టాండులో కదిలే మనిషిని పట్టుకోవడానికి పరుగెత్తిన గీత అది. ఇప్పుడు మీకు ఎముకలు తెలుసు, కండరాలు తెలుసు, గీత నింపాదిగా, తప్పులేకుండా వెళుతోంది, కానీ ఎటూ పరుగెత్తడం లేదు. అలా అనిపిస్తే దాచుకోకండి. పోయినదేమిటో కూడా ఎదుగుదల లెక్కలో రాయవలసిందే, పైగా దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఇంకా సమయం ఉంది.

ప్రింట్‌మేకింగ్ వారి అదృష్టం వేరు. ప్లేటు మీద పనిచేస్తూ మధ్యమధ్య తీసిన ప్రూఫులు (పరీక్షగా తీసిన అచ్చులు) పారేయకుండా ఉంచితే ఒక్క బొమ్మలోనే ఆలోచన మారిన దారి మొత్తం దొరుకుతుంది. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1653 నాటి 'మూడు శిలువలు' ప్రింటును చూడండి. మొదట స్పష్టంగా కనిపించిన జనాన్ని నాలుగో స్టేట్‌కు, అంటే ప్లేటును మార్చి మళ్లీ అచ్చు తీసిన నాలుగో దశకు, వచ్చేసరికి ఆయన చీకటి గీతలతో ముంచేశాడు. అదే ప్లేటు, వేరే బొమ్మ. మీ జింకు ప్లేటు యాసిడ్‌లోకి ఎన్నిసార్లు వెళ్లిందో, ప్రతిసారీ మీరు ఏది చాలదనుకున్నారో ప్రూఫులు వరుసగా పెట్టి చూసుకోండి. ఒకవేళ మూడో ప్రూఫే అన్నింటికంటే బాగుండి, ఆ తర్వాత చేసినదంతా చెడగొట్టడమే అయితే అదీ తెలుస్తుంది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

మూడు కుప్పలు చేయండి

పరిచినవాటిని ఇప్పుడు మూడుగా విడదీయండి. అసైన్‌మెంటుగా ఇస్తే చేసినవి ఒకటి. ఎవరినో చూసి చేసినవి రెండు. ఈ రెండూ కానివి మూడు.

రెండో కుప్ప దగ్గర నిజాయితీ కావాలి. హైదరాబాద్‌లో చదివి, పెద్దబొట్టు, చామనచాయ ముఖం, నిండు ఎరుపు చీరతో ఒక తెలంగాణ స్త్రీని ఒక్కసారైనా వేయనివారు అరుదు. అది చిత్రకారుడు తోట వైకుంఠం గారి దగ్గర తెచ్చుకున్నదని అందరికీ తెలుసు, వేసినవారికి తప్ప! మేకలు, తాటిచెట్లు, సన్నటి గీతల అల్లిక ఉంటే అటువైపు మరో చిత్రకారుడు లక్ష్మాగౌడ్ గారు ఉంటారు. పింటరెస్ట్ నుంచి వచ్చినవాటికి ఊరూ పేరూ ఉండదు, వాటిని గుర్తుపట్టడం ఇంకా కష్టం. ప్రతి బొమ్మ ఫోటో కింద ఎవరి నుంచి ఏమి తీసుకున్నారో రాయండి: రంగా, గీతా, విషయమా, కాగితాన్ని విడగొట్టే తీరా? అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. ఎంత తెచ్చుకున్నామో మరిచిపోవడం ప్రమాదం.

ఇక్కడ ఆ ఇద్దరి గురించే ఒక మాట. ఇద్దరూ హైదరాబాద్‌లో చదివినవారే. ఇద్దరూ తర్వాత బరోడా వెళ్లి చిత్రకారుడు, అధ్యాపకుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవారే. అయినా ఒకరి బొమ్మ పక్కన ఇంకొకరిది పెడితే ఒకే గురువు శిష్యులని పోల్చుకోలేం. వైకుంఠం గారిది చదునైన, నిండైన రంగు. లక్ష్మాగౌడ్ గారి పేరు నిలబెట్టింది ఎచింగ్ ప్లేటు (యాసిడ్‌తో గీతను తినిపించే లోహపు పలక) మీది గీత. ఒకరికి కరీంనగర్ వైపు బూరుగుపల్లి, ఇంకొకరికి మెదక్ వైపు నిజాంపూర్. గురువు దగ్గర చూపు నేర్చుకున్నారు, ముడిసరుకును తమ ఊళ్ల నుంచి తెచ్చుకున్నారు. వైకుంఠం గారి పేరు వినగానే మన కళ్లముందు మెదిలే ఆ స్త్రీలు ఆయన కాలేజీ పరీక్షలకు సమర్పించిన బొమ్మలు కావు; అక్కడికి చేరడానికి చదువు ముగిశాక ఇంకా చాలా పని చేశారు. కాబట్టి మీ మూడో కుప్పలో నాలుగే కాగితాలు ఉంటే కంగారు పడకండి. నాలుగు ఉంటే వాటిలో పోలిక ఏమిటో చూడండి. విషయంలో కాకపోవచ్చు. నాలుగింటిలోనూ పైనుంచి కిందికి చూస్తున్నారేమో, నాలుగింటిలోనూ మనుషులు ఎదురుచూస్తూ కూర్చున్నారేమో.

పాత పాఠాన్ని ఒకసారి మళ్లీ చేయండి

మొదటి సెమిస్టర్ షీటు ఒకటి ఎంచుకోండి. అప్పటి వస్తువులే, అదే కాగితం, అదే పెన్సిలు, అప్పుడు ఇచ్చిన సమయమే. మధ్యలో పాతదాన్ని చూడకండి. అయ్యాక పక్కపక్కన పెట్టండి. "ఇప్పటిది బాగుంది" అని తేల్చేసి లేవకుండా, మొదటి పదినిమిషాలు మీరు ఏమి చేశారో గుర్తు చేసుకోండి. అప్పట్లో కూర్చోగానే అంచులు గీయడం మొదలుపెట్టి ఉంటారు. ఇప్పుడు కాసేపు ఊరికే చూసి, పెన్సిలు చాచి కొలిచి, అన్నింటికంటే ముదురు ఎక్కడుందో వెతికి ఉంటారు. మారినది గీత కంటే ముందు, గీత మొదలుపెట్టడానికి ముందు జరిగే పనిలో. దీన్ని నాలుగు వాక్యాల్లో ఆ షీటు వెనకే రాయండి.

ముగ్గురిని అడగండి, "ఎలా ఉంది" అని మాత్రం అడగకండి

"ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. ప్రశ్న అలాంటిది. మీకు ఫౌండేషన్ చెప్పిన మాస్టారిని లేదా మేడమ్‌ను అడిగేటప్పుడు మూడు బొమ్మలే పట్టుకెళ్లండి. "సార్, మొదటి ఏడాది నాకు మీరు పదేపదే చెప్పిన మాట ఒకటి ఉంటుంది కదా. అది ఇందులో ఇంకా అలాగే ఉందా?" అనండి. ఎదురుగా షీటు ఉంటే వారికి గుర్తొస్తుంది. జవాబు నచ్చకపోయినా వాదించకుండా రాసుకుని రండి.

రెండోవారు వేరే విభాగం మిత్రులు. పెయింటింగ్ వారు శిల్పం వారిని, శిల్పం వారు ఫోటోగ్రఫీ వారిని అడగాలి. మీ మాధ్యమం చిట్కాలు వారికి తెలియవు కనుక నైపుణ్యం చూసి మోసపోరు.

మూడోవారు ఇంట్లో మనిషి. అమ్మనో, నాయనమ్మనో కూర్చోబెట్టి "ఇందులో నేను వేసినట్టు అనిపించనిది ఏది?" అని అడగండి. "నాకేమి తెలుసురా బొమ్మల గురించి" అంటారు మొదట. తర్వాత చెయ్యి చాచి ఒకదాన్ని చూపిస్తారు. "ఇదేమో ఎక్కడో పుస్తకంలో చూసినట్టుంది. ఇది మాత్రం మన దొడ్డే కదూ, ఆ బావి గట్టు విరిగిన మూల ఉంది చూడు." మీ మూడో కుప్పతో వారి ఎంపికను పోల్చి చూడండి.

రాయండి, ముందు తెలుగులోనే

ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్ ఇంగ్లీషులో అడుగుతారు. అడగనివ్వండి. మొదట తెలుగులో రాసి తర్వాత మార్చుకోండి. నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే నలుగురైదుగురు సీనియర్ల స్టేట్‌మెంట్లలోని మాటలు వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి, మీ బొమ్మ వాటి వెనక ఎక్కడో ఉండిపోతుంది.

"నా చిత్రాలు ప్రకృతికీ మనిషికీ మధ్యనున్న అనుబంధాన్ని ఆవిష్కరిస్తాయి." ఈ వాక్యం ఎవరి బొమ్మ కిందనైనా అతుకుతుంది, కాబట్టి ఎవరిదీ కాదు. దీనికి బదులు ఇలా ఉంటుందనుకోండి:

"మూడో ఏడాది దాకా నా బొమ్మల్లో నేల లేదు. మనుషులు కాగితం మీద తేలుతూ ఉండేవారు. ఎంజీబీఎస్ బస్టాండులో రాత్రిపూట ప్లాట్‌ఫాం మీద నిద్రపోయేవారిని గీయడం మొదలుపెట్టాక నేల అవసరమైంది. పడుకున్న మనిషి బరువు తెలియాలంటే కింద ఏదో ఉండాలి. ఇప్పుడు నా ఉడ్‌కట్‌లలో సగానికి పైగా నేలే ఉంటుంది. చెక్క మీద ఆ భాగాన్ని చెక్కకుండా వదిలేస్తాను, చెక్కలోని సహజమైన రేఖలతో సహా అచ్చు పడుతుంది."

ఇందులో పెద్దమాట ఒక్కటీ లేదు. కానీ చదివినవారు బొమ్మ దగ్గరికి వెళ్లి నేల వైపు చూస్తారు. నూటయాభై, రెండువందల మాటల్లో ఇలాంటిది రాసుకుంటే చాలు. అందులో ఒక లేనిది, ఒక మార్పు, ఆ మార్పుకు కారణమైన చోటు లేదా పని, చేతిపనిలో దాని ఫలితం ఉండాలి. ఇంకా తేలని ప్రశ్న ఒకటి ఉంటే చివర్లో దాన్ని అలాగే వదిలేయండి. ఎగ్జామినర్లు దాన్నే పట్టుకుని మాట్లాడతారు, అప్పుడు వైవా పరీక్షలా కాక ముచ్చటలా సాగుతుంది.

ఇప్పుడు ఏరుకోండి

పోర్ట్‌ఫోలియోకు పన్నెండు నుంచి పదిహేను చాలు. పై పనులన్నీ చేశాక ఈ ఎంపికకు ఒక సాయంత్రం కూడా పట్టదు. ఎంఎఫ్‌ఏ (లలితకళల పీజీ) ప్రవేశాలకు పంపేవారు రెండు, మూడు స్కెచ్‌బుక్ పేజీలు తప్పక చేర్చండి. ఉద్యోగానికైతే వారు అడిగిన పని ముందు పెట్టండి, మీ మూడో కుప్ప ఒకటి, రెండు చివర్లో ఉండనివ్వండి.

మిగిలినవాటిని తగలబెట్టాలని అనిపించే రాత్రి ఒకటి వస్తుంది. ఆ రాత్రి ఏమీ చేయకండి. ఏడాది ఆగి అప్పటికీ అనిపిస్తే మీ ఇష్టం.

దాచడం

న్యూస్‌పేపర్‌లో చుట్టకండి, దానిలోని ఆమ్లం కాగితాన్ని పచ్చబరుస్తుంది, అచ్చు సిరా అంటుకుంటుంది. షీటుకూ షీటుకూ మధ్య బటర్ పేపర్ వేసి, రెండు అట్టల నడుమ పడుకోబెట్టండి. చార్‌కోల్, పేస్టల్ మీద ఆరుబయట అడుగు దూరం నుంచి పలచగా రెండుసార్లు ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టండి. కాన్వాసు చుట్టవలసి వస్తే రంగు బయటివైపుకు ఉండాలి, లావుపాటి పీవీసీ గొట్టం మీద చుట్టాలి. మందంగా పూసిన ఆయిల్ లోపల ఆరడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా చుట్టనే వద్దు. వానాకాలంలో గాలి చొరని ప్లాస్టిక్ సంచి చెమ్మను లోపలే పట్టి ఉంచి బూజు తెప్పిస్తుంది. ప్రింట్ల మీద ఎడిషన్ నంబరు (తీసిన మొత్తం అచ్చుల్లో ఇది ఎన్నోదో) ఎడమవైపు, సంతకం కుడివైపు, పెన్సిల్‌తోనే. జింకు ప్లేటును కిరోసిన్‌తో తుడిచి పలచగా వాజలీన్ రాసి కాగితంలో చుట్టండి. ఇంట్లో ఎవరైనా ప్రేమకొద్దీ లామినేషన్ చేయిస్తామంటే చేతులు జోడించి వద్దనండి. ఒకసారి చేశాక బొమ్మను బయటికి తీయలేరు.

కాలేజీతో పాటు పోయేవాటి జాబితా

డిగ్రీతో పాటు మీ చేతిలోంచి జారిపోయేవి కొన్ని ఉన్నాయి: ఎచింగ్ ప్రెస్, మట్టి బొమ్మలు కాల్చే బట్టీ, మోడల్ కూర్చునే లైఫ్ స్టడీ తరగతి, ఎనిమిది అడుగుల గోడ, పక్క ఈజిల్ దగ్గర నిలబడి "అది తీసేయ్" అనే మిత్రుడు. మీరు గుర్తించిన ఎదుగుదల వీటిలో దేని మీద ఆధారపడి ఉందో చూసుకోండి. ప్రెస్ లేకుండా మీ పని ఆగిపోయేటట్టయితే చెంచా వెనకభాగంతో రుద్ది అచ్చు తీయగల ఉడ్‌కట్, లినోకట్ ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. మోడల్ కావాలంటే నలుగురు కలిసి నెలకోసారి ఎవరింట్లోనైనా కూర్చుని ఒకరినొకరు గీసుకునే ఏర్పాటు ఇప్పుడే మాట్లాడుకోండి. అందరూ తలోదారిన వెళ్లాక కుదరదు.

నో డ్యూస్ (బాకీలు లేవనే) కాగితం మీద సంతకాలకు తిరిగే వారంలో ఇంకొకటి చూసుకోవాలి. విభాగం రికార్డు కోసం మీ పని కొన్ని ఉంచుకోవచ్చు. ఇచ్చేముందు ముందూ వెనకా ఫోటో తీయండి. శీర్షిక, మాధ్యమం, కొలత, తేదీ రాసిన జాబితా రెండు ప్రతులు చేసి, ఒకదాని మీద తీసుకున్నవారి సంతకం చేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత ఎప్పుడైనా ప్రదర్శనకు ఆ బొమ్మ కావలసి వస్తే, అప్పటికి విభాగంలో మిమ్మల్ని ఎరిగినవారు ఉండకపోయినా, ఆ కాగితం చూపించి అడగవచ్చు.